ప్రొహిబిషన్‌కు ముందునాటి విస్కీ సీసా: దాని చరిత్ర ఎలా కనిపెట్టాలి?

అమెరికాలో ఏ యాంటిక్ షాపుకో ఫ్లీ మార్కెట్‌కో వెళ్లి, ఉబ్బెత్తు అక్షరాలున్న పాత విస్కీ సీసా ఒకటి చేతిలోకి తీసుకోండి. "ఇది 1800ల నాటిది" అంటాడు అమ్మేవాడు. ఎలా తెలుసని అడిగితే సీసా మీదున్న సంవత్సరం చూపిస్తాడు. చిక్కంతా అక్కడే ఉంది. సీసా మీద రాసిన సంవత్సరం సీసా పుట్టిన సంవత్సరం కానక్కర్లేదు. అది కంపెనీ పెట్టిన ఏడాది కావచ్చు, పేటెంట్ వచ్చిన తేదీ కావచ్చు, మెడల్ గెలిచిన సంవత్సరం కావచ్చు, ఉత్త గొప్పకు వేసుకున్న అంకె కూడా కావచ్చు.

ఒక సీసాకు నాలుగు వయసులుంటాయి. గాజుది ఒకటి, కంపెనీది ఒకటి, లేబుల్‌ది ఒకటి, లోపలి సరుకుది ఒకటి. ఈ నాలుగింటినీ విడివిడిగా తేల్చి, "ఇంతకు ముందుది కాదు" అని కింది హద్దు, "ఇంత తర్వాతది కాదు" అని పై హద్దు, ఇలా రెండు హద్దులు గీయాలి. కొత్తగా వచ్చినవాళ్లు సీసాలో అన్నిటికన్నా పాత గుర్తు కోసం వెతుకుతారు. వెతకాల్సింది అన్నిటికన్నా కొత్త గుర్తు కోసం. అదే కింది హద్దు చెప్పేది.

ముందు కాలం గురించి రెండు మాటలు. ప్రొహిబిషన్, అంటే మద్యనిషేధం, అనగానే మన తెలుగువాళ్లకు 1995 గుర్తొస్తుంది. అది రెండేళ్లకే సడలిపోయింది. అమెరికాలో దేశమంతటా అమలైన నిషేధం 1920 జనవరి 17 నుంచి 1933 డిసెంబరు 5 వరకు, దాదాపు 14 ఏళ్లు నడిచింది. అది మొదలుకాక ముందు అమ్మిన సీసాలనే కలెక్టర్లు "ప్రీ-ప్రో" అంటారు. దొరికేవాటిలో ఎక్కువ భాగం 1880ల నుంచి 1919 లోపువి. అంతకుముందు గాజు ఖరీదు ఎక్కువ, విస్కీ పీపాల్లోనే సెలూన్లకు (అప్పటి బార్లకు) చేరేది, తాగేవాళ్లు తమ కూజాలో నింపించుకునేవాళ్లు. పీపాల్లో కాకుండా సీలు వేసిన సీసాల్లోనే అమ్ముతామని ఓల్డ్ ఫారెస్టర్ అనే విస్కీ బ్రాండ్ 1870లో మొదలైంది. అప్పటికి అది కొత్త ఆలోచన.

మొదటి పని: కడగకండి

ఇంటికి తెచ్చిన వెంటనే సబ్బునీళ్లలో ముంచితే సగం ఆధారం పోతుంది. లేబుల్ ముక్క, మెడ చుట్టూ మిగిలిన స్టాంపు పీలిక, మూతి మీది సీసపు (లెడ్) రేకు, ఇవన్నీ సాక్ష్యాలే. ముందు ఫోటోలు తీయండి: ముందు, వెనక, రెండు పక్కలు, అడుగు, మూతి. అక్షరాలు అరిగిపోయి కనపడకపోతే గది చీకటి చేసి, టార్చి లైటు పక్కనుంచి వాలుగా వేయండి. నీడలో అక్షరం లేచి కనిపిస్తుంది. అదీ చాలకపోతే పల్చటి కాగితాన్ని అక్షరాల మీద పరిచి పెన్సిల్‌తో రుద్దండి. లేబుల్ ఉన్నవైపు మాత్రం రుద్దొద్దు.

ఖాళీ సీసా అయి, లేబుల్ లేకపోతే, అంచుదాకా నీళ్లు పోసి కొలవండి. అమెరికన్ క్వార్ట్ 946 మిల్లీలీటర్లు, గాలన్‌లో ఐదో వంతు అంటే 757. చూడటానికి క్వార్ట్‌లా కనిపించేవాటిలో చాలా వరకు 757 దగ్గరే ఆగుతాయి. అందుకే నిజంగా క్వార్ట్ పట్టేవాళ్లు "ఫుల్ క్వార్ట్" అని గాజు మీదే పోత పోయించుకునేవాళ్లు. అది ఒకరకంగా పక్క షాపువాడి మీద విసురు.

గాజును వేలితో చదవడం

ఈ పనిలో నేను ఎక్కువ నమ్మేది దీన్నే. లేబుల్ మార్చొచ్చు, కథ అల్లొచ్చు. అతుకు గీత మాత్రం ఎవరో ఒకరు కొలిమి దగ్గర నిలబడి చేసిన పని.

సీసాను రెండు ముక్కల అచ్చులో పోస్తారు కాబట్టి పక్కల మీద నిలువుగా సన్నటి గీత వస్తుంది. ఆ గీత మీద గోరు పెట్టి అడుగు నుంచి పైకి జరపండి. గీత మూతి అంచు మీదుగా దాటిపోతే అది యంత్రం చేసిన సీసా. మూతికి కొంచెం కిందే ఆగిపోతే గాజును నోటితో ఊది, మూతిని విడిగా చేశారని అర్థం. మైఖేల్ ఓవెన్స్ ఒహాయోలోని టొలీడోలో తన ఆటోమేటిక్ సీసా యంత్రాన్ని 1903 నాటికి తయారుచేశాడు. విస్కీ సీసాల్లో యంత్రం పని మామూలైపోయింది మాత్రం 1910ల్లోనే. కాబట్టి అంచు దాకా గీత ఉన్న విస్కీ సీసాను ఎవరైనా 1890ల నాటిదంటే చిరునవ్వు నవ్వి పక్కన పెట్టేయొచ్చు. ఓవెన్స్ యంత్రంలో పుట్టిన సీసా అడుగున ఇంకో గుర్తు ఉంటుంది. గుండ్రంగా, అంచులు గరుగ్గా, తరచు నడిమధ్య నుంచి పక్కకు జరిగిన కత్తిరింపు గీత. అది కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

నోటితో ఊదిన వాటిలో మళ్లీ రెండు రకాలు. పాత పద్ధతిలో మెడ తెగ్గొట్టాక వేడి గాజును చుట్టూ తిప్పి అతికించి మూతి చేసేవాళ్లు. అక్కడ అతుకు గీత ఠక్కున ఆగుతుంది, మూతి కింద అదనపు గాజు మైనంలా జారి గడ్డకట్టిన అంచు వేలికి తగులుతుంది. ఇది ఎక్కువగా 1890ల లోపు పని. తర్వాతి పద్ధతిలో మెడ చివరనే మళ్లీ వేడిచేసి పనిముట్టుతో తిప్పి మలిచారు. అప్పుడు గీత మెల్లగా చెరిగిపోతుంది, మెడ మీద అడ్డంగా సన్నటి గీతలు మిగులుతాయి. అలాంటివి 1880ల నుంచి 1915 చుట్టుపక్కల దాకా. మూతి చేసేటప్పుడు సీసాను పట్టుకోవడానికి అడుగున అతికించిన కడ్డీ తెగిన గరుకు మచ్చ ఉంటే సీసా ఇంకా పాతది, సాధారణంగా 1870కి ముందుది.

కొన్ని సీసాలకు గీతే ఉండదు. దాన్ని చూసి కంగారుపడొద్దు. తడి పేస్టు పూసిన అచ్చులో సీసాను గిరగిరా తిప్పితే గీత చెరిగిపోతుంది. అలాంటి వాటి మీద ఉబ్బెత్తు అక్షరాలు కూడా ఉండవు, ఒంటి చుట్టూ అడ్డంగా సన్నటి చారలు మాత్రం ఉంటాయి.

అక్షరాల చుట్టూ గుండ్రంగానో, పైన వంపు తిరిగిన పలకలానో ఒక గీత కనిపిస్తే అది పేరు పలక. గాజు ఫ్యాక్టరీ దగ్గర అచ్చు సిద్ధంగానే ఉంటుంది. ఆర్డరిచ్చిన సెలూన్‌వాడి పేరు చెక్కిన పలక ఒక్కటి అందులో మార్చి బిగిస్తే సరిపోతుంది. అందుకే వేర్వేరు ఊళ్ల, వేర్వేరు షాపుల ఫ్లాస్కులు (జేబులో పట్టే చదును సీసాలు) కవల పిల్లల్లా ఉంటాయి. ఆకారం కాలాన్ని చెబుతుంది, పలక మనిషిని చెబుతుంది.

రంగు దగ్గర జాగ్రత్త. తేనె రంగు గాజు ఎన్ని దశాబ్దాలైనా వాడారు, దాన్నిబట్టి ఏమీ తేలదు. తెల్ల (రంగులేని) గాజు లేత ఊదాకు తిరిగితే అందులో మాంగనీస్ కలిపారని, ఎండలో రంగు తిరిగిందని అర్థం. ఇది 1880ల నుంచి 1920 దాకా వాడిన పద్ధతి. లేత గడ్డి రంగు ఛాయ కనిపిస్తే సెలీనియం వాడారు, అంటే 1910ల నుంచి. అయితే ద్రాక్షపండులా ముదురు ఊదాలో మెరిసిపోయే సీసాలు ఎక్కువగా ఈ మధ్య రేడియేషన్ యంత్రంలో పెట్టి రంగు మార్చినవే. ఎండ అంత ముదురు రంగు ఇవ్వదు.

మంగళవారం పరీక్ష

అడుగు తిప్పి చూస్తే పేటెంట్ తేదీ ఉండొచ్చు. అమెరికా పేటెంట్లు మంగళవారం నాడే జారీ అవుతాయి, అప్పుడూ అంతే. కాబట్టి తేదీ చదివాక ఆ రోజు ఏ వారమో చూడండి. మంగళవారం కాకపోతే మీరు అంకె తప్పు చదివి ఉంటారు. అరిగిన గాజు మీద 3కీ 8కీ తేడా కనపడదు కదా. లేదంటే అది అసలు పేటెంట్ తేదీయే కాదు.

రెండు సీసాలతో చూద్దాం. డఫీస్ మాల్ట్ విస్కీ సీసా అడుగున 1886 ఆగస్టు 24 అని ఉంటుంది. అది మంగళవారమే. రోచెస్టర్‌కు చెందిన ఈ కంపెనీ విస్కీని మందుగా ప్రచారం చేసి అమ్మింది, తాగినవాళ్లు ఆరోగ్యం కోసమే తాగామని చెప్పుకున్నారు. సీసాలు మాత్రం ఆ తేదీ తర్వాత ఏళ్ల తరబడి అదే అక్షరాలతో వచ్చాయి. రెండోది ఒహాయోకు చెందిన హేనర్ కంపెనీ విస్కీ సీసా. అడుగున "డిజైన్ పేటెంటెడ్, నవంబరు 30, 1897". అదీ మంగళవారమే.

ఆ తేదీ దొరికాక గూగుల్ పేటెంట్స్‌లో వెతకొచ్చు. కానీ అంత పాత పేటెంట్లు పదాలతో సరిగా దొరకవు. అదే వారపు పేటెంట్ ఆఫీసు అధికారిక గెజిట్‌ను హాతీట్రస్ట్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో తెరిచి, డిజైన్ల పేజీలు తిప్పడం తేలిక. బొమ్మతో సహా దొరుకుతుంది.

గాజు ఫ్యాక్టరీ గుర్తులు కూడా అడుగునే. పిట్స్‌బర్గ్‌లోని విలియం మెక్‌కల్లీ కంపెనీ తన పేరు పొడి అక్షరాలు వేసేది. వజ్రాకారంలో ఐ ఉంటే ఇలినాయ్ గ్లాస్ కంపెనీ, 1915 తర్వాతది. వజ్రం, దాన్ని అడ్డంగా కోసే గుండ్రటి ఓ, మధ్యలో ఐ ఉంటే ఓవెన్స్-ఇలినాయ్. ఆ కంపెనీ 1929లో ఏర్పడింది, కాబట్టి అది ప్రీ-ప్రో సీసా కానే కాదు. గుర్తులను పోల్చుకోవడానికి సొసైటీ ఫర్ హిస్టారికల్ ఆర్కియాలజీ వెబ్‌సైట్‌లోని సీసాల విభాగం ఉచితం. ఫోటోలతో, ఓపికగా రాసినది. ఒక వారాంతం దాని మీద పెడితే ఈ పనిలో సగం చేయి తిరిగినట్టే.

చట్టాలు వదిలిన గుర్తులు

విస్కీ లేబుల్ మీద ప్రభుత్వం పెత్తనం చేసిన ప్రతిసారీ ఒక కొత్త మాట వచ్చి చేరింది. మనకు అవే మైలురాళ్లు.

1897 మార్చిలో బాటిల్డ్-ఇన్-బాండ్ చట్టం వచ్చింది. ఒకే డిస్టిలరీలో, ఒకే సీజన్‌లో కాచి, ప్రభుత్వ తాళం కింద కనీసం నాలుగేళ్లు నిలవ ఉంచి, 100 ప్రూఫ్ (50 శాతం ఆల్కహాల్) దగ్గర సీసాలో పోస్తే మెడ మీదుగా ఆకుపచ్చ స్టాంపు అతికించేవాళ్లు. ఆ స్టాంపు చిరగకుండా ఉంటే పెన్నిధి దొరికినట్టే. ఏ సీజన్‌లో కాచారు, ఎప్పుడు సీసాలో పోశారు, డిస్టిలరీ నంబరు ఎంత, ఏ రెవెన్యూ (పన్ను వసూలు) జిల్లా, అన్నీ దాని మీదే ఉంటాయి. నంబరుతో పాటు జిల్లా కూడా రాసుకోవడం మర్చిపోకండి. కెంటకీ ఐదో జిల్లా అంటే లూయివిల్ వైపు, ఏడోది అంటే లెక్సింగ్టన్ వైపు. నంబరు 10 అక్కడా ఉంటుంది, ఇక్కడా ఉంటుంది.

ఈ స్టాంపు దగ్గరే ఎక్కువమంది బోల్తా పడతారు. "కాచినది 1916 వసంతం" అని చూసి ప్రీ-ప్రో అనేస్తారు. పక్కనే "సీసాలో పోసినది 1929" అని ఉంటుంది. నిషేధం రోజుల్లో డాక్టరు చీటీ మీద మందుగా అమ్మిన విస్కీ అది. ఎక్కువగా పైంట్ (అర క్వార్ట్) సీసాల్లో వచ్చేది. సరుకు పాతదే, సీసా మాత్రం నిషేధంలో పుట్టింది. దానికీ విలువ ఉంది, కాకపోతే అది వేరే కథ. ఇక ఎర్ర స్టాంపు కనిపిస్తే నిషేధం ఎత్తేశాక, 1934 నుంచి వచ్చినది.

1906 జూన్ 30 నాటి ఆహార, ఔషధ చట్టం 1907 నుంచి అమలైంది. "ఆ చట్టం కింద హామీ ఇవ్వబడినది" అనే వాక్యం, పక్కన సీరియల్ నంబరు ఉన్న లేబుల్ ఆ తర్వాతదే. ఆ హామీ ప్రభుత్వానిది కాదు, కంపెనీ తనకు తాను ఇచ్చుకున్నది. జనం ప్రభుత్వ హామీ అని భ్రమపడుతున్నారనే గొడవతోనే చివరికి ఆ వాక్యాన్ని తీయించారు. 1913లో వచ్చిన సవరణ ప్యాకెట్లపై పరిమాణం తప్పనిసరి చేసింది. అయితే "ఫుల్ క్వార్ట్" లాంటివి అంతకుముందు నుంచే ఉన్నాయి కాబట్టి ఒక్క పరిమాణాన్ని చూసి తేల్చేయొద్దు.

అన్నిటికన్నా సులువైన గుర్తు గాజు మీదే ఉంటుంది. "ఈ సీసాను తిరిగి అమ్మడం, వాడడం ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది" అనే ఇంగ్లిష్ వాక్యం 1935 నుంచి 1964 వరకు తప్పనిసరి. అది కనిపిస్తే బేరం అక్కడితో ఆపేయండి.

మెడళ్ల బొమ్మలూ పనికొస్తాయి. 1904 సెయింట్ లూయిస్ ప్రదర్శన మెడల్ వేసిన లేబుల్ 1904కి ముందు అచ్చయి ఉండదు. తర్వాత ఎన్నేళ్లు అదే మెడల్ వేసుకున్నారన్నది వేరే సంగతి.

మనుషుల్ని వెతకడం

గాజు కాలం చెప్పింది. ఇక ఎవరు, ఎక్కడ అన్నది తేలాలి. అసలు ఆసక్తి పుట్టేది ఇక్కడే.

ముందుగా ఒక అపోహ వదిలేయండి. లేబుల్ మీద "డిస్టిలర్స్" అని ఉన్నంత మాత్రాన వాళ్లు విస్కీ కాచారని కాదు. చాలామంది ఎక్కడెక్కడి పీపాలో కొని, కలిపి, తమ పేరు పెట్టి అమ్మిన హోల్‌సేల్ వ్యాపారులు. వాళ్లను రెక్టిఫైయర్లు అనేవాళ్లు. కొందరు మంచి సరుకే కలిపారు, కొందరు రంగు, వాసన కలిపిన స్పిరిట్ అమ్మారు.

బ్రాండ్ పేరు కూడా మనిషి పేరు కానక్కర్లేదు. ఐ.డబ్ల్యు. హార్పర్ అనే పేరు వెనక ఉన్నది జర్మనీ నుంచి 1867లో అమెరికా వచ్చిన ఐజక్ వోల్ఫ్ బెర్న్‌హైమ్. ఐ, డబ్ల్యు అతనివే, హార్పర్ మాత్రం కాదు. లూయివిల్ పుస్తకాల్లో హార్పర్ కోసం వెతికితే కంపెనీ దొరకదు, బెర్న్‌హైమ్ బ్రదర్స్ కోసం వెతకాలి.

వెతకడానికి మొదటి చోటు సిటీ డైరెక్టరీలు. ప్రతి పెద్ద ఊరికీ దాదాపు ఏటా ఒకటి వచ్చేది. మనిషి పేరు, వృత్తి, షాపు చిరునామా, ఇంటి చిరునామా అందులో ఉండేవి. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, హాతీట్రస్ట్‌లో, ఆయా ఊళ్ల లైబ్రరీల సైట్లలో చాలా వరకు ఉచితంగా దొరుకుతాయి. సీసా మీద పేరు, చిరునామా రెండూ కలిసి ఏ ఏడాది మొదటిసారి కనిపించాయో, ఏ ఏడాది చివరిసారి కనిపించాయో చూడండి. ఆ మధ్య కాలమే మీ సీసాది. ఇంకో ఊరికి మారారేమో, కొడుకు పేరు చేరిందేమో, "అండ్ కంపెనీ" ఎప్పుడు వచ్చిందో, భర్త పోయాక భార్య పేరు ఎక్కిందేమో, అన్నీ గమనించాలి. డైరెక్టరీలో సమాచారం అచ్చయ్యే నాటికే కొన్ని నెలలు పాతది. అందుకే అటూ ఇటూ ఏడాది వదులు ఉంచుకోవాలి. 1890 జనాభా లెక్కల కాగితాలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంతో దాదాపు అన్నీ పోయాయి. ఆ దశాబ్దానికి డైరెక్టరీలే దిక్కు.

చిరునామాతో ఒక తిరకాసు ఉంది. ఊళ్లు ఇంటి నంబర్లు మార్చాయి. షికాగో 1909లో పెద్ద ఎత్తున మార్చింది. అదే వీధి, వేరే నంబరు కనిపిస్తే కంపెనీ షాపు మారిందని రాసేయకండి. బిల్డింగ్ కదిలి ఉండదు, నంబరే మారి ఉంటుంది. దీన్ని తేల్చడానికి శాన్‌బోర్న్ అగ్నిబీమా మ్యాపులు బాగా ఉపయోగపడతాయి. గులాబీ రంగు అంటే ఇటుక కట్టడం, పసుపు అంటే చెక్క. డిస్టిలరీ అయితే పీపాల గోదాములు ఎక్కడున్నాయో కూడా గీసి ఉంటుంది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వీటిని ఉచితంగా ఇస్తోంది.

పేపర్ల కోసం అదే లైబ్రరీ వారి క్రానిక్లింగ్ అమెరికా చూడండి. పాత అచ్చును కంప్యూటర్ తప్పుగా చదువుతుంది కాబట్టి కంపెనీ పేరుతో దొరక్కపోతే ప్రకటనలోని వేరే మాటలతో వెతకాలి. విస్కీ స్పెల్లింగ్ రెండు రకాలుగానూ (whisky, whiskey) ప్రయత్నించాలి. ట్రేడ్‌మార్కుల దగ్గర మాత్రం కాస్త అనుమానంగానే ఉండండి. 1905 చట్టం తర్వాత కంపెనీలు పెద్ద సంఖ్యలో పేర్లు నమోదు చేసుకున్నాయి. ఫారంలో "ఫలానా ఏడాది నుంచి వాడుతున్నాం" అని వాళ్లు రాసిందే రాసింది. నమోదు తేదీ రుజువు, వాడుక తేదీ వాళ్ల మాట.

ఒక సీసాతో మొదటి నుంచి చివరి దాకా

హేనర్ సీసానే తీసుకుందాం. తేలిగ్గా, తక్కువ ధరకు దొరుకుతుంది, నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచిది లేదు. తెల్ల గాజు, క్వార్ట్ సైజు, ఒంటి మీద "ది హేనర్ విస్కీ డిస్టిలర్స్, ట్రాయ్, ఒహాయో", అడుగున పేటెంట్ తేదీ.

కింది హద్దు 1897 నవంబరు 30. గోరు పెట్టి గీత వెంట వెళ్తే మూతికి కాస్త కిందే చెరిగిపోయింది, అంటే మలిచిన మూతి, 1915 చుట్టుపక్కల దాటదు. రెండు నిమిషాల్లో సీసా పద్దెనిమిదేళ్ల మధ్యకు వచ్చేసింది.

ఇక పేపర్లు. హేనర్ పోస్టు ద్వారా ఆర్డర్లు తీసుకుని రైల్వే ఎక్స్‌ప్రెస్‌లో నేరుగా ఇంటికి విస్కీ పంపేది. డిస్టిలరీ ట్రాయ్‌లో, వ్యాపారమంతా డేటన్ నుంచి. నాలుగు ఫుల్ క్వార్ట్‌లు 3.20 డాలర్లు, ఎక్స్‌ప్రెస్ ఖర్చు కంపెనీదే. దూరంగా ఉన్న పశ్చిమ రాష్ట్రాలకు అవే నాలుగూ 4 డాలర్లు. మధ్యలో వ్యాపారి లాభం ఉండదు, కల్తీ ఉండదు అని ఆ ప్రకటనల పాట. పేరులేని పెట్టెలో వస్తుంది కాబట్టి పక్కింటివాళ్లకు తెలియదని కూడా చెప్పేవాళ్లు. తాగని రాష్ట్రంలో ఉండి తాగాలనుకునేవాడికి అంతకన్నా ఏం కావాలి!

ప్రకటన కింద ఊళ్ల జాబితా ఉంటుంది: డేటన్, సెయింట్ లూయిస్, అట్లాంటా, సెయింట్ పాల్. ఇది కాలంతో పాటు మారుతూ వచ్చింది. హేనర్ సీసాల్లోనూ కొన్నింటి మీద ట్రాయ్ ఒక్కటే, కొన్నింటి మీద వేరే ఊళ్లూ కనిపిస్తాయి. మీ సీసా మీది ఊళ్లను ప్రకటనల్లోని ఊళ్లతో పక్కపక్కన పెట్టి చూస్తే హద్దులు ఇంకా దగ్గరవుతాయి. ఉదాహరణకు జార్జియా 1908 జనవరి 1 నుంచి పొడి రాష్ట్రం, అంటే మద్యం నిషేధించిన రాష్ట్రం. కాబట్టి అట్లాంటా పేరున్న కాగితం ఆ తేదీకి ముందుదయ్యే అవకాశమే ఎక్కువ.

పై హద్దును చట్టం ఇంకా కిందికి దించుతుంది. 1913 మార్చిలో వచ్చిన వెబ్-కెన్యన్ చట్టం, నిషేధం ఉన్న రాష్ట్రాల్లోకి ఆ రాష్ట్ర చట్టానికి విరుద్ధంగా మద్యం పంపడాన్ని అడ్డుకుంది. సుప్రీంకోర్టు 1917లో దాన్ని సమర్థించింది. పోస్టు ఆర్డర్ల వ్యాపారానికి ఊపిరి ఆడకుండా చేసింది 1920 కాదు, ఇదే.

మిగతా సీసాలకూ ఇదే సూత్రం. దేశం ఎండిపోయింది 1920లో కానీ మీ సీసా మీది ఊరు ఎప్పుడు ఎండిందో, అంటే అక్కడ మద్యం ఎప్పుడు ఆగిందో చూసుకోండి. కాన్సాస్ 1881లో, ఒరెగాన్, వాషింగ్టన్, కొలరాడో 1916 జనవరి 1న. అంటే పోర్ట్‌లాండ్, సియాటిల్, డెన్వర్ పేర్లున్న సీసాలకు పై హద్దు 1915 చివర. టెన్నెసీ 1909లో అమ్మకాలు ఆపేసింది, జాక్ డేనియల్ కంపెనీ కూడా పొరుగు రాష్ట్రాలకు మారాల్సి వచ్చింది. ఎక్కడా ఆపకపోయినా 1917 సెప్టెంబరు నుంచి మొదటి ప్రపంచయుద్ధం పేరుతో విస్కీ కాచడం ఆగింది, 1919 జూన్ 30 తర్వాత అమ్మకమూ ఆగింది.

సౌత్ కరోలినా కథ వేరు. అక్కడ 1893 నుంచి 1907 దాకా రాష్ట్ర ప్రభుత్వమే మద్యం షాపులు నడిపింది. ప్రభుత్వం షాపు పెట్టి మందు అమ్మడం ఆంధ్రప్రదేశ్ పాఠకులకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ సీసాల మీద మొదట్లో తాటిజాతి పాల్మెట్టో చెట్టు బొమ్మ ఉండేది, తర్వాత పొడి అక్షరాల ముద్ర వచ్చింది. చెట్టు ఉన్నవి పాతవి, కలెక్టర్లు వాటి కోసమే ఎగబడతారు.

నకిలీలు

బూజ్ క్యాబిన్ సీసా తెలియకుండా ఈ పనిలోకి దిగకూడదు. చెక్క ఇల్లు ఆకారం, కప్పు మీద 1840, పక్కన ఫిలడెల్ఫియా వాల్‌నట్ వీధి 120. ఆ అంకె చూసి 1840 నాటిదనుకుంటే పొరపాటు. న్యూజెర్సీలోని విట్నీ గ్లాస్ వర్క్స్ దీన్ని 1860ల్లో చేసింది. అంటే అసలు సీసాయే తన వయసు ఎక్కువ చెబుతోంది. దాని మీద 1930ల్లో అదే రాష్ట్రంలో క్లెవెంజర్ బ్రదర్స్ నకళ్లు పోశారు, ఆ తర్వాత ఇంకా చాలామంది పోశారు. నకలు కూడా ఇప్పుడు తొంభై ఏళ్ల పాతదే కాబట్టి అరుగుదల చూసి మోసపోతారు. అచ్చు తేడాలు, అక్షరాల చిన్న చిన్న తేడాలు తెలిసినవాళ్లకు చూపించకుండా డబ్బు కట్టొద్దు.

మామూలుగా ఎదురయ్యే మోసం ఇంత గొప్పగా ఉండదు. మామూలు ఖాళీ సీసాకు కలర్ ప్రింటర్లో తీసిన లేబుల్ అతికిస్తారు. భూతద్దంలో చూడండి. చుక్కలు వరసగా, ఒకే క్రమంలో ఉంటే ఆధునిక అచ్చు. పాత లిథో (రాతిపలక) అచ్చులో రంగులు నిండుగా ఉంటాయి, లేదా చేత్తో వేసిన చుక్కల్లా గజిబిజిగా ఉంటాయి. లేబుల్ అంచు కింద గాజు మీద మురికి ఉందంటే అది మురికి పట్టాక అతికించిందే.

రాసిపెట్టడం, దాచుకోవడం

ప్రతి సీసాకు ఒక కార్డు. కింది హద్దు, దానికి ఆధారం. పై హద్దు, దానికి ఆధారం. తెలియనివి వేరే వరసలో. "సుమారు 1900" అని రాయొద్దు, "1897 డిసెంబరు నుంచి 1915 లోపు, పేటెంట్ తేదీ, మూతి తీరు" అని రాయండి. రేపు కొత్త ప్రకటన దొరికితే ఏ గీత జరపాలో తెలుస్తుంది. పోల్చుకోవడానికి ఫెడరేషన్ ఆఫ్ హిస్టారికల్ బాటిల్ కలెక్టర్స్ వారి ఆన్‌లైన్ మ్యూజియం ఉంది. వాళ్ల ప్రదర్శనలకు సీసా పట్టుకెళ్లి బల్ల మీద పెడితే, పది మంది చేరి ఉచితంగా వాదించుకుంటారు. వినండి చాలు.

పాత మరుగుదొడ్ల గోతుల్లో సీసాలు తవ్వేవాళ్లు చాలామంది ఉన్నారు. స్థలం యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా దిగకండి. ఫెడరల్ భూమి అయితే వందేళ్లు దాటిన వస్తువును అనుమతి లేకుండా తీయడం 1979 నుంచి నేరం.

సీలు తీయని నిండు సీసా దొరికితే నిలబెట్టే ఉంచండి, పడుకోబెడితే బిరడాను సారాయి తినేస్తుంది. ఎండ తగలనీయకండి, ఎంత మట్టం దాకా ఉందో గుర్తు పెట్టి ఏటా ఒకసారి ఫోటో తీయండి. రుచి చూడాలన్న సరదా వద్దు. మూతి మీది రేకు సీసపుదై ఉండొచ్చు, లోపల ఎవరు ఎప్పుడు ఏం నింపారో గ్యారంటీ లేదు. అమ్మాలనుకుంటే ఖాళీ సీసా అమ్మినట్టు కుదరదు. లోపల మద్యం ఉంది కాబట్టి అమెరికాలో మీరుండే రాష్ట్ర లైసెన్సు రూల్స్ వర్తిస్తాయి, అక్కడి పోస్టు ఆఫీసు మద్యం పార్సిల్ తీసుకోదు. ముందు రాష్ట్ర మద్యం బోర్డుకు ఫోన్ చేసి కనుక్కోండి.